జులైకా తీసేసిన టిక్కు

శుభవార్త వచ్చే సమయానికి నిల్సా రెండు చేతుల మధ్య ఒక ముసలాయన ముఖం ఉంది. కొత్త కళ్ళద్దాలు చెవుల వెనక ఒరుసుకుపోతున్నాయని పొద్దున్నే దుకాణానికి వచ్చిన పెద్దమనిషి ఆయన. నిల్సా కాడలు కాస్త వంచి, మళ్ళీ పెట్టి, ఆయన తల అటూ ఇటూ తిప్పి చూస్తోంది. కోటు జేబులో ఫోను గుర్రుమంది. కొనేవాళ్ళ ముందు ఫోను తీయకూడదన్నది దుకాణం నియమం. నిల్సా తీసింది.

అవతల నగర కార్యాలయం అమ్మాయి. పునీత అంతోని పండక్కి నగరం చేయించే పెళ్ళిళ్ళలో ఒక జంట తప్పుకుందట. ఎందుకో ఆ అమ్మాయి చెప్పలేదు. మీరు సిద్ధమేనా అని మాత్రం అడిగింది.

"సిద్ధమే," అంది నిల్సా.

"నాకింకా బిగుతుగానే ఉందమ్మా," అన్నాడు ముసలాయన, తననే అడిగారనుకుని. నిల్సా ఆయన నుదుటి మీద ముద్దు పెట్టింది. ఇది కూడా దుకాణం నియమాల్లో లేదు.

ఇక్కడిదాకా ఈ కథతో నడిచి వచ్చినవాళ్ళకు ఆ ఒక్క మాట వెనక ఎంత ఎదురుచూపు ఉందో తెలుసు. ఇవాళే వచ్చి పక్కన కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నిల్సా తవారెష్ తల్లిదండ్రులు కేప్‌వర్ద్ దీవుల నుంచి వచ్చినవాళ్ళు. పిల్ల లిస్బన్ పక్కన అమదోరలోనే పుట్టింది. నిగనిగలాడే నలుపు, గుమ్మం తగిలేంత ఎత్తు. తోమె లిన్ అమ్మానాన్నలది చైనా. లిస్బన్‌లోని మార్తిం మొనీజ్ దగ్గర వాళ్ళది బకెట్ల నుంచి పూసల దాకా దొరికే దుకాణం. తోమె నిల్సా భుజం దాకా వస్తాడు. పరిచయం ఫోనులో, జంటలను కలిపే ఒక యాప్‌లో జరిగింది. రెండు ఇళ్ళలోనూ మొదట ముఖాలు మాడ్చుకున్నారు, తర్వాత మెత్తబడ్డారు. బట్టలు, విందు, బాజాలు అన్నీ నగరమే పెట్టి, ఊరంతా టీవీలో చూసే ఆ పెళ్ళికి వీళ్ళూ అడిగారు. ఎంపికలో ఆఖరి మెట్టు దాకా వెళ్ళి, ఎవరైనా తప్పుకుంటే చూద్దామన్న జంటగా మిగిలిపోయారు. పోయిన వారం ఇద్దరూ ఆశ వదులుకుని, మెట్ల మీద కూర్చుని ఒకే గిన్నెలోంచి నత్తలు తింటూ ఒకళ్ళనొకళ్ళు ఓదార్చుకుంటుండగా వదిలేశాం.

ఇప్పుడు ఆశ తిరిగొచ్చింది. నిల్సా మధ్యాహ్నం సెలవు పెట్టి బయటపడింది. చెట్ల కింద ఊదారంగు పూలు రాలి బంకగా ఉన్నాయి, చెప్పులకు అంటుకుంటున్నాయి. మామూలు రోజైతే విసుక్కునేది. ఇవాళ వాటిని అంటించుకునే నడిచింది. మూలమీద బండివాడి దగ్గర చెర్రీపళ్ళు కొని, గింజలు గుప్పిట్లో దాచుకుంటూ తోమెకి ఫోన్ చేసింది. తోమె ఆ మాట దుకాణంలో ఉన్నవాళ్ళందరికీ గట్టిగా చెప్పాడు. ఎవరో బకెట్ వాయించిన చప్పుడు ఫోనులో వినబడింది.

ఆ సంతోషం రైల్వే స్టేషన్ దాకా నిలిచింది. అక్కడ టీవీ ఆవిడ ఫోన్ వచ్చింది.

పేరు గ్రాసా అట. గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. రేపు పొద్దున పదింటికి అమదోరలో నిల్సా అమ్మగారింటికి కెమెరా తీసుకుని వస్తారట, ఆలస్యంగా చేరిన జంట కదా, తొందరగా జనానికి చూపించాలట. చిన్న చిన్న మనవులు కొన్ని ఉన్నాయంది. అమ్మాయి మడమల చెప్పులు వేసుకోకపోతే బాగుంటుంది, అబ్బాయి పక్కన మరీ పొడుగ్గా కనబడుతుంది. ఆ జుట్టు చాలా అందంగా ఉంది, కాకపోతే కాస్త అణిగి ఉండేలా చూసుకుంటే వెనకున్నవాళ్ళు కనబడతారు. అబ్బాయి నవ్వు కూడా ముచ్చటగా ఉంటుంది, కానీ నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి, కాస్త తక్కువ నవ్వమని చెప్పగలరా.

నిల్సా చెర్రీగింజలున్న గుప్పిట బిగించింది. ఒకరికి ఎత్తు, ఒకరికి జుట్టు, ఒకరికి కళ్ళు. మనిషిని చూడమంటే ఈ జనం మాంసం కొట్లో లాగా ముక్కలు ఏరుకుంటారెందుకో ఆమెకు ఏనాడూ అర్థం కాలేదు. ఆ యాప్‌లో ఉన్న రోజుల్లో వచ్చిన సందేశాలే గుర్తొచ్చాయి. ఒకడు పలకరించకుండానే చాక్లెట్ అన్నాడు. ఇంకొకడు నల్లపిల్లతో తిరగడం తన చిరకాల కోరిక అన్నాడు, ఏదో పర్వతం ఎక్కుతానన్నట్టు. మూడోవాడు ఫొటోలో నడుము దాకా కనబడేలా ఇంకొకటి పెట్టమన్నాడు. వాళ్ళందరి మధ్య ఒక్క తోమె మాత్రం, మీ ఫొటోలో కళ్ళద్దాలు కుడివైపుకి వంగాయి, కళ్ళద్దాలు అమ్మేవాళ్ళే ఇలా అయితే ఎలాగండీ అని రాశాడు. అద్దం ముందుకు వెళ్ళి చూసుకుంటే నిజంగానే వంగి ఉన్నాయి.

సరేనండీ సరేనండీ అంటూ ఫోన్ పెట్టేయబోతుంటే గ్రాసా అసలు సంగతికి వచ్చింది.

"ఎంపిక రోజున తోమె అన్న మాట ఉంది చూడండి, అది రేపు కెమెరా ముందు మళ్ళీ అనాలి. మీ కళ్ళలోకి చూస్తూ అనాలి. ఆ మాట విని మాలో ఏడవనివాళ్ళు లేరు."

ఆ రోజు ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడించారు. లోపల ఏమన్నావని నిల్సా ఎన్నిసార్లు అడిగినా తోమె చెప్పలేదు. గ్రాసా చదివి వినిపించింది. "ఈ ఊళ్ళో ఆడవాళ్ళందరూ నాలాంటివాడు తమ కంటపడక్కర్లేదని ముందే టిక్కు పెట్టేశారు. పొట్టివాడని కొందరు, ముఖం చూసి కొందరు. నిల్సా ఒక్కతే పెట్టలేదు. నేను పెళ్ళాడుతున్నది ఆ పెట్టని టిక్కునే."

రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చుని నిల్సా కళ్ళు తుడుచుకుంది. ఎంత మంచివాడు. ఆ యాప్‌లో అలాంటి చోటొకటి ఉండేది నిజమే. ఎత్తు, ఒళ్ళు, రంగు, పుట్టుక, ఎవరెవరు వద్దో గడుల్లో ముందే టిక్కు పెట్టుకుంటే వాళ్ళ ఫొటోలు మనకు రానే రావు. తను అవన్నీ పట్టించుకునే మనిషి కాదు. కాదనే అనుకుంది, ఇల్లు చేరేదాకా.

*

అమ్మ వంటింట్లో మొక్కజొన్నల కుండ ఉడుకుతోంది. జులైకా దువ్వెన, నూనె సీసా సర్దుకుని కుర్చీలో సిద్ధంగా ఉంది. జులైకా నిల్సా పిన్ని కూతురు. వేళ్ళు ఎంత నాజూకో నాలుక అంత కరుకు. నిల్సా ఎప్పటిలాగే నేల మీద దిండు వేసుకుని చెల్లెలి మోకాళ్ళ మధ్య కూర్చుంది. సన్నజడలు తలంతా పూర్తయ్యేసరికి పొద్దుగుంకుతుంది. కదిలితే దెబ్బ పడుతుంది.

గ్రాసా మనవులన్నీ నిల్సా ఏకరువు పెట్టింది. జుట్టు అణగాలట అంటే జులైకా ఒక జడను కసిగా బిగించింది. జులైకాకి ఇంకో కోపం కూడా ఉంది. పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడమని నిల్సా తన దుకాణం యజమానురాలిని అడిగింది గానీ చెల్లెల్ని అడగలేదు. ఆ మాట ఎత్తకుండానే ప్రతి జడలోనూ అల్లుతోంది. కుడివైపు సగం తల పూర్తయ్యాక నిల్సా తోమె మాట చెప్పింది, గొంతు కాస్త వణికించి మరీ.

జులైకా వేళ్ళు ఆగిపోయాయి.

"ఇంకోసారి చెప్పు."

నిల్సా చెప్పింది. జులైకా పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకి కుర్చీ కిర్రుమంది.

"అక్కా, టిక్కు నువ్వూ పెట్టావు. తీసింది నేను."

నిల్సా తల తిప్పబోయింది. దువ్వెనతో నెత్తి మీద ఒకటి పడింది. కదలకు, పాపిట వంకరపోతుంది అని జులైకా కసిరి, తీరిగ్గా చెప్పుకొచ్చింది. ఇదే వంటిల్లు, ఇదే దిండు. ఆ రోజూ ఇలాగే జడలు వేస్తున్నాను. నువ్వు ఒళ్ళో ఫోను పెట్టుకుని వచ్చినవాణ్ణల్లా తిడుతున్నావు. తర్వాత నిద్రలోకి జారుకున్నావు. నా చేతుల కింద నువ్వెప్పుడు మెలకువగా ఉన్నావు గనక. ఫోను తెరిచే ఉంది.

"అబద్ధం."

"ఆ సెతుబల్ ఊరి ఇంజినీరు గుర్తున్నాడా?"

గుర్తున్నాడు. నల్లమ్మాయిలంటే తనకెంతో గౌరవమేనని, కానీ ఎందుకో ఆడపిల్లల్లా అనిపించరని రాసినవాడు. ఆ రోజు నిల్సా ఏడ్చింది. దుకాణంలో అందరికంటే గట్టిగా ఉండే నిల్సా, బరువైన పెట్టెలు దింపాలంటే అందరూ పిలిచే నిల్సా, దిండు తడిసేలా ఏడ్చింది.

"వాడి మాటకి అంతసేపు ఏడ్చావా," అంది జులైకా. ఇప్పుడు ఆమె గొంతులో నవ్వు లేదు. "ముక్కు తుడుచుకుని ఆ గడులు తెరిచావు. పొట్టివాళ్ళు వద్దన్నావు. సరే, నీ ఎత్తుకి నీ బాధ అనుకున్నాను. తర్వాత చైనావాళ్ళ మీద టిక్కు కొట్టావు. వాళ్ళేం చేశారే అంటే, 'ఏమో, మగాళ్ళలా అనిపించరు' అన్నావు. ఇంజినీరు నిన్నన్న మాటే. ఆ కన్నీళ్ళు ఆరకముందే దాన్ని తీసుకెళ్ళి ఇంకొకళ్ళ నెత్తిన వేశావు. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు గుర్రు పెట్టగానే రెండు టిక్కులూ తీసేశాను."

కుండ మీద మూత టకటకలాడింది. ఆ గడి మీద తన బొటనవేలు ఆనిన సంగతి నిల్సాకి నిజానికి గుర్తే. అంత తేలిగ్గా, ఉల్లిపాయలు వద్దన్నట్టు, అందరూ పెట్టేదే కదా అన్నట్టు ఆనింది. అందుకే గుర్తుంచుకోవలసిన పనిగా ఎప్పుడూ తోచలేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"వాడు నిన్ను దేవతలా చూస్తుంటే చెప్పి చెడగొట్టడం ఎందుకని. నువ్వూ ఆ వేషం బాగానే వేస్తున్నావు," అంది జులైకా. "చెప్పకపోతే మాత్రం ఏం పోయింది. తెలిసింది నీకూ నాకూ. రేపు వాడు ఆ మాట అంటాడు, నువ్వు నవ్వుతావు, అమ్మలందరూ ఏడుస్తారు."

సరిగ్గా అదే నిల్సా కళ్ళ ముందు కదిలింది. రేపు పదింటికి తోమె తన కళ్ళలోకి చూస్తాడు. ఊరంతా వింటుండగా నువ్వు పెట్టలేదు అంటాడు. ఆ అబద్ధాన్ని మెడలో వేయించుకుని తను గుడి మెట్లు ఎక్కాలి. తర్వాత రోజూ పొద్దున్నే ఆ మంచి ముఖం చూస్తూ లేవాలి.

లేచి నిలబడింది. సగం తలతో ఎక్కడికే అని జులైకా అరుస్తుంటే, అమ్మ తలగుడ్డ లాక్కుని చుట్టుకుంటూ మెట్లు దిగింది.

*

రైల్లో తలగుడ్డ జారుతూనే ఉంది. కుడివైపు సన్నజడలు, ఎడమవైపు మేఘంలా విడిన జుట్టు. ఎదుటి సీటులోని ఆడమనిషి ఫోను చూస్తున్నట్టు నటిస్తూ తననే చూస్తోంది. చూడనీ. ఇవాళ చూసేవాళ్ళకు కరువు లేదు. నిల్సాకి అందరి మీదా విసుగ్గా ఉంది. గ్రాసా మీద, ఇంజినీరు మీద, ఆ గడులు తయారుచేసిన వాడెవడో వాడి మీద, నిజం చెప్పడానికి ఇవాళే దొరికిన జులైకా మీద. అందరినీ తిట్టుకోవడం అయ్యాక ఇక మిగిలిన మనిషి ఒక్కతే. ఆ మనిషిని ఎలా తిట్టాలో ఆమెకు అలవాటు లేదు.

తోమె వాళ్ళ దుకాణం ముందు బల్ల మీద తులసిలాంటి చిన్న ఆకుల కుండీలు వరసగా ఉన్నాయి. పండగ రోజుల్లో ప్రేమించినవాళ్ళకు ఇచ్చే కుండీలు, ప్రతిదానిలోనూ కాగితపు పువ్వు, రెండు ముక్కల పాట రాసిన చీటీ. తోమె అమ్మ దోన మెయ్ ఒక కొనేవాణ్ణి గద్దిస్తోంది. ముక్కు పెట్టి వాసన చూస్తే మొక్క మాడిపోతుంది, అరచేతితో నిమిరి చెయ్యి వాసన చూసుకోవాలి, ఈ ఊళ్ళో పుట్టి ఇదీ తెలియదా అని. ముప్పై ఏళ్ళుగా ఆవిడ లిస్బన్‌వాళ్ళకు లిస్బన్ పద్ధతులు నేర్పుతోంది.

దోన మెయ్ కాబోయే కోడలి తల వైపు చూసింది. "సగానికే బేరం కుదిరిందా?" అంది. నిల్సా నవ్వలేకపోయింది. ఆవిడ అది గమనించి, పైకి చెయ్యి చూపించింది.

తోమె నిచ్చెన మీద ఉన్నాడు, రంగు కాగితాల తోరణాలు కడుతూ.

"దిగు," అంది నిల్సా.

"ఉండనీ. ఒక్కసారైనా నిన్ను పైనుంచి చూస్తున్నాను," అన్నాడు తోమె. తలగుడ్డ జారిన తల చూసి, "ఇది కొత్త పద్ధతా? బాగుంది. రెండు పెళ్ళాలు వచ్చినట్టుంది," అన్నాడు. నవ్వాడు. కళ్ళు మూసుకుపోయాయి. ఆ మూసుకుపోయే కళ్ళంటే నిల్సాకి ప్రాణం. వాటిని చూస్తూ చెప్పలేనని, నిచ్చెన మెట్లు చూస్తూ చెప్పింది. టిక్కు పెట్టానని చెప్పింది. పొట్టివాళ్ళ మీద, తర్వాత చైనావాళ్ళ మీద. జులైకా తీసిందని, తనకు ఇవాళే తెలిసిందని, అందుకే ఆ మాట రేపు అనొద్దని.

తోమె మెల్లగా దిగాడు. చేతిలో తోరణం ఇంకా ఉంది. దాన్ని మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు.

"ఎందుకు పెట్టావు?"

ఇది దాటేయొచ్చు. ఏదో తోచక పెట్టానంటే ఊరుకునేవాడే.

"మగాళ్ళలా అనిపించరని," అంది నిల్సా. "ఆ మాటే అన్నాను."

పక్కన కుండీలు సర్దుతున్న చప్పుడు ఆగింది. తోమె ముఖంలో ఏమీ కదలలేదు. అదే భయంకరంగా ఉంది. ఈ మాట అతనికి కొత్త కాదని ఆ ముఖమే చెబుతోంది. బడిలో విన్నాడు, పనిచోట విన్నాడు, యాప్‌లో జవాబు రాని వందల పలకరింపుల్లో విన్నాడు. వినని చోటు ఒక్కటే ఉంది అనుకున్నాడు.

"ఎత్తు విషయంలో నేనూ అబద్ధం ఆడాను," అన్నాడు చివరికి. "అరచెయ్యంత పెంచి రాశాను. మొదటి రోజు కాఫీ దగ్గర నువ్వు లేచి నిలబడగానే తెలిసిపోయుంటుంది నీకు."

"కూర్చున్నప్పుడే తెలిసింది. నీ కాళ్ళు నేలకు ఆనలేదు."

అతని పెదవి మూల కొంచెం వంగింది. అది నవ్వో కాదో తేలకముందే నిల్సా ఫోను మోగింది. గ్రాసా. తోమె చెయ్యి చాచి ఫోను తీసుకున్నాడు. అందరికీ వినబడేలా పెట్టాడు. తేనె గొంతు రేపటి గురించి గలగలా మాట్లాడింది. అమ్మాయి జడలు వేయించుకుంటోందా, అబ్బాయి ఆ మాట కంఠతా పట్టాడా, మరీ నవ్వకూడదని చెప్పారా.

"చెప్పారు," అన్నాడు తోమె. "ఆ మాట ఇక లేదండీ. తప్పని తేలింది."

మరి రేపు ఏం చెబుతారని గ్రాసా అడిగింది, తేనె కాస్త తగ్గిన గొంతుతో. అసలు పెళ్ళి ఉన్నట్టేనా అని కూడా అడిగింది. ఆ రెండో ప్రశ్నకు జవాబు కోసమే కదా నిల్సా సగం తలతో ఊరు దాటి వచ్చింది.

"పదింటికి రండి," అన్నాడు తోమె. "తను ఏ టిక్కు పెట్టిందో తను చెబుతుంది. నేను ఏది పెట్టానో నేను చెబుతాను. విన్నాక కూడా ఒకళ్ళకొకళ్ళం కావాలనుకుంటే, అప్పుడు పెళ్ళి ఉన్నట్టు."

ఫోను ఆపి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు కూడా పెట్టావా? నేను నీకు కనబడ్డాను కదా," అంది నిల్సా.

తోమె ఆమె వైపు చూడలేదు. వాళ్ళమ్మ వైపు చూశాడు.

దోన మెయ్ ఒక కుండీ చేతుల్లోకి తీసుకుంది. వచ్చినవాళ్ళందరినీ గద్దించే ఆ మనిషి, తనకు తెలియకుండానే ముక్కును తిన్నగా ఆకుల్లో పెట్టి వాసన చూసింది. చూసి, కుండీ కింద పెట్టింది. కొత్త సంవత్సరానికి కూడా షట్టరు దించని ఆవిడ, షట్టరు తాళం చెవి కొడుకు చేతికి ఇచ్చింది.

"రేపు దుకాణం తెరవను. అమదోరకి నేనూ వస్తాను," అంది. "వీడు పెట్టిన టిక్కు తీసిందెవరో నేనే చెబుతాను."